ఆగస్టు వానల్లో ఊటీ, కూనూర్, కోటగిరి: ట్రిప్ మానుకోనక్కర్లేదు, దారి మార్చుకోండి

మీ ప్రశ్న చదివానండి. ఆగస్టు రెండో వారంలో మీరిద్దరే హైదరాబాద్ నుంచి సొంత కారులో నీలగిరి వెళ్లాలనుకుంటున్నారు. వారం రోజులు సెలవు పెట్టుకున్నారు. మైసూరు, గూడలూరు మీదుగా నేరుగా ఊటీ చేరి, అన్ని రాత్రులూ అక్కడే ఉండి, కూనూర్, కోటగిరి ఒక్కో రోజు చూసి రావాలని ప్లాన్ వేసుకున్నారు. ఇంతలో టీవీలో నీలగిరి వానల వార్తలు చూసి మీ అత్తగారు వద్దంటున్నారు. క్యాన్సిల్ చేయాలా, వానలో ఘాట్ రోడ్డు ఎలా నడపాలి, మీవారితో పాటు మీరు కూడా స్టీరింగ్ పట్టుకోవచ్చా అని అడిగారు.

క్యాన్సిల్ చేయకండి. ప్లాన్ మాత్రం పూర్తిగా తిరగేయండి. నాది గుంటూరు. ఉద్యోగం వల్ల కోయంబత్తూరులో స్థిరపడి చాలా ఏళ్లయింది. ఈ కొండలకు అన్ని కాలాల్లోనూ కారులో వెళ్తుంటాను. మా ఆవిడకి, నాకు ఇష్టమైన కాలం మాత్రం వానాకాలమే. మే నెలలో ఊటీ చూసినవాళ్లకి ట్రాఫిక్ గుర్తుంటుంది. ఆగస్టులో వెళ్తే ఊరు కనిపిస్తుంది.

ముందు మీ అత్తగారి భయం సంగతి చెప్తాను, అందులో న్యాయం ఉంది. కాకపోతే వార్తల్లో "నీలగిరిలో కుండపోత" అని ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ జిల్లాలో వాన రెండు దిక్కుల నుంచి, రెండు వేర్వేరు కాలాల్లో వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కేరళ వైపు నుంచి వచ్చి పడమటి అంచును కొడుతుంది. గూడలూరు, దేవాల, పందలూరు, అవలాంచి, అప్పర్ భవాని అన్నీ ఆ వైపువే. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులో 800 మి.మీ.కు పైగా వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి పడేది దాదాపు అంతే. అలాంటప్పుడు టీవీలో చూపించేది ఆ పడమటి వైపునే.

కోటగిరి తూర్పు వైపున ఉంది. మధ్యలో 2,637 మీటర్ల దొడ్డబెట్ట, దాని కొండ వరస అడ్డుగోడలా నిలబడి ఉంటాయి. పడమర నుంచి వచ్చే మేఘం చాలావరకు అటే కురిసేసి ఇటు దాటుతుంది. అందుకే ఆగస్టులో అవలాంచిలో జోరు వాన పడుతున్న రోజున కోటగిరిలో తుంపర, మంచు, మధ్యమధ్యలో ఎండ కూడా చూడొచ్చు. కూనూర్ కూడా ఈ కాలంలో ఊటీ కంటే మేలే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం వైపు నుంచి వచ్చి ఈ తూర్పు వాలునే కొడతాయి. 2009 నవంబరులో కూనూర్, కేత్తి, కోటగిరి వైపు కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. మీరు నవంబరులో వెళ్తామని అడిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది, కూనూర్, మెట్టుపాళయం ఘాట్ జోలికి పోవద్దని చెప్పేవాడిని. ఆగస్టు కాబట్టి తూర్పు వైపు నుంచి ఎక్కి, తూర్పు వైపే మకాం పెట్టండి. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే, మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

దారి ఇలా పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి బెంగళూరు దాటి హోసూరు, కృష్ణగిరి మీదుగా సేలం. మొదటి రాత్రి సేలంలో పడుకోండి. అంత దూరం ఒక్క రోజులో కష్టం అనిపిస్తే హోసూరులోనే ఆగండి. మర్నాడు అవినాశి మీదుగా మెట్టుపాళయం, అక్కడ నుంచి కోటగిరి రోడ్డు ఎక్కండి. మెట్టుపాళయం సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. కోటగిరి 1,800 మీటర్ల దగ్గర. మధ్యలో 33 కిలోమీటర్లే. అంటే కారు ప్రతి కిలోమీటరుకు 45 మీటర్ల దాకా పైకి ఎక్కాలి. కూనూర్ మీదుగా వెళ్లే ఘాట్‌లో 14 హెయిర్‌పిన్ మలుపులు, బస్సులు, లారీలు అన్నీ ఉంటాయి. కోటగిరి దారిలో రద్దీ తక్కువ. మొదటిసారి ఎక్కేవాళ్లకి అదే నయం. మధ్యాహ్నం రెండు గంటల లోపు పైకి చేరేలా చూసుకోండి. మూడు దాటాక మేఘం రోడ్డు మీదకి దిగడం మొదలవుతుంది.

మీరు అనుకున్న మైసూరు, గూడలూరు దారిలో ఎక్కడం ఆగస్టులో నాకు నచ్చదు. ఆ దారి మొత్తం వాన కొట్టే పడమటి అంచు వెంబడే వెళ్తుంది. మసినగుడి, కల్లట్టి దారి పొడిగానే ఉంటుంది కానీ అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు, నిటారు ఎక్కుడు. కొత్తవాళ్లకి, అదీ తడి రోడ్డు మీద, నేను చెప్పను. ఆ దారిన ఊటీ నుంచి కిందికి దిగడానికి బయటి బళ్లను పోలీసులు అనుమతించరు. ప్రమాదాలు అన్ని జరిగాయి అక్కడ.

బయల్దేరే ముందు ఈ-పాస్ తీసుకోండి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి వాహనాలన్నిటికీ అది ఉండాలి. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా వస్తుంది, అయిదు నిమిషాల పని. కుంజప్పనై చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తుకుని నిలబడే బదులు ఇంట్లోనే తీసుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు, క్యారీబ్యాగులు జిల్లాలో నిషేధం, చెక్‌పోస్టుల్లో చూస్తారు, జరిమానా వేస్తారు. స్టీలు బాటిళ్లు పట్టుకెళ్లండి.

ఇక వానలో డ్రైవింగ్. మీవారికి హైవే అనుభవం ఉందన్నారు, ఘాట్ మాత్రం శ్రీశైలం వెళ్లినప్పుడే అన్నారు. అది మంచి పునాదే. నీలగిరి ఘాట్‌కి తేడా ఏమిటంటే ఎక్కుడు, దిగుడు గంటకు పైగా ఆగకుండా సాగుతాయి. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి, అంటే ఎక్కువ చోట్ల రెండో గేరు, మలుపు మరీ బిగుసుగా ఉంటే ఒకటి. దిగేటప్పుడు కారును ఇంజినే పట్టుకోవాలి, బ్రేకు అవసరానికి నొక్కి వదలాలి. పాదం బ్రేకు మీదే ఉంచి దిగితే సగం దారిలో కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది కానీ బండి ఆగదు. వాసన వచ్చిందంటే విశాలంగా ఉన్న చోట పక్కకి తీసి అరగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పోయకండి. న్యూట్రల్‌లో దిగడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మీది ఆటోమేటిక్ అయితే డి లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో రెండో గేరుకో, ఎల్ కో మార్చుకోండి. ఆటోమేటిక్ కార్లలో బ్రేకులు వేడెక్కడం నేను ఎక్కువగా చూసేది ఈ ఒక్క కారణం వల్లే.

హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఏం చేయాలో కాస్త విడమరిచి చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది అక్కడే. మలుపుకి ముందే గేరు తగ్గించేయాలి, మలుపు మధ్యలో క్లచ్ తొక్కకూడదు. హారన్ కొట్టి, అద్దం కొంచెం దించి వినండి. పై నుంచి గానీ కింద నుంచి గానీ బస్సు వస్తుంటే దాని ఇంజిన్ మోత ముందే వినిపిస్తుంది. బస్సుకి ఆ మలుపు తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి. మీరు మలుపులో దూరాక బస్సు ఎదురైతే ఇద్దరూ ఇరుక్కుంటారు. అందుకని బస్సు కనపడగానే మలుపుకి కారు నాలుగు పొడవుల ముందే ఎడమకి ఆపేసి, దానికి జాగా ఇవ్వండి. ఆ డ్రైవర్లు రోజూ తిరిగే వాళ్లు, మీరు ఆగారంటే చేత్తో సైగ చేసి దర్జాగా తిప్పుకుని పోతారు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది కొండదారుల్లో నియమం. వెనక వచ్చే బండి హారన్ కొడుతోందని వేగం పెంచకండి, విశాలంగా ఉన్న చోట పక్కకి జరిగి పోనివ్వండి.

మేఘం రోడ్డు మీదకి దిగితే హైబీమ్ వేయాలని చేయి దానంతట అదే పోతుంది. వేస్తే ఎదురుగా తెల్లగోడ కనిపిస్తుంది, ఇంకేమీ కనపడదు. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మన దగ్గర అలవాటైపోయింది. అలా చేస్తే వెనక వాళ్లకి మీరు ఆగారో కదులుతున్నారో, ఎటు తిరుగుతున్నారో తెలియదు. ఆగినప్పుడే వాటిని వేయండి. పది మీటర్లు కూడా కనపడకపోతే టీ కొట్టు దగ్గర ఆగిపోండి, చాలాసార్లు అరగంటలో విడిపోతుంది. ఈ కొండల్లో మేఘం ఎంత ఉన్నట్టుండి కమ్ముకుంటుందో చెప్పడానికి 2021 డిసెంబరు 8న కూనూర్ దగ్గర జరిగిన హెలికాప్టర్ ప్రమాదం చాలు. జనరల్ బిపిన్ రావత్ దంపతులతో పాటు మన చిత్తూరు జిల్లా జవాను సాయితేజ కూడా అందులో పోయారు. వాతావరణం అనుకోకుండా మారి హెలికాప్టర్ మేఘాల్లోకి వెళ్లిపోయిందని విచారణలో తేలింది. అంత అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగినప్పుడు, మనం ఆగడానికి మొహమాటపడక్కర్లేదు.

లోపలి అద్దం మసకబారితే గుడ్డతో తుడవడం వల్ల లాభం లేదు, నిమిషంలో మళ్లీ పట్టేస్తుంది. ఏసీ ఆన్ చేసి, గాలి ముందు అద్దం మీదకి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. చలిగా ఉంటే వేడి పెంచుకోండి, ఏసీ మాత్రం ఆపకండి, తేమను లాగేసేది అదే. వైపర్ బ్లేడ్లు కొత్తవి వేయించుకోండి. టైర్ల గాడి లోతు చట్టప్రకారం 1.6 మి.మీ. ఉంటే చాలంటారు, వాన ఘాట్‌కి 3 మి.మీ. కంటే తక్కువ ఉంటే నేను మార్చేస్తాను.

ఆగస్టులో ఇక్కడ భయపడాల్సింది ఎక్కువగా చెట్ల గురించి. నీలగిరి చెట్లు, తుమ్మ జాతి వాటిల్ చెట్లు పైపైనే వేళ్లు పోస్తాయి. నేల నానాక గాలి వీస్తే నిలువునా పడిపోతాయి. వాటి కింద కారు ఆపి ఫొటోలు దిగకండి. అలర్ట్ ఉన్న రోజున అటవీశాఖ అవలాంచి, పైన్ ఫారెస్ట్ లాంటి చోట్లను మూసేస్తుంది. మూసి ఉంటే పక్క దారి ఉందని ఎవరు చెప్పినా వెళ్లొద్దు. వాతావరణ శాఖ ఆరెంజ్ అంటే రోజులో 115 నుంచి 204 మి.మీ. దాకా, రెడ్ అంటే అంతకు మించి పడొచ్చని అర్థం. రెడ్ ఉన్న రోజున ఏ వైపు ఉన్నా కారు తీయకండి. దారిలో గట్టు మీద నుంచి కారే నీళ్లు తేటగా ఉంటే పర్వాలేదు. అవి ఎర్రమట్టి రంగుకి మారినా, చిన్న రాళ్లు దొర్లుతున్నా, ఆ చోట ఆగొద్దు, ముందుకీ పోవద్దు, వెనక్కి తిరగండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077.

జంతువుల గురించి కూడా ఒక మాట. మెట్టుపాళయం నుంచి ఎక్కే రెండు ఘాట్లలోనూ పనసకాయల కాలంలో ఏనుగులు రోడ్డు పక్కకి వస్తాయి. కోటగిరి, కూనూర్ మధ్య టీ తోటల్లో అడవిదున్నలు మామూలే. కనపడితే దూరంగా ఆగండి. హారన్ వద్దు, లైట్లు ఆర్పి వెలిగించడం వద్దు, దిగి ఫొటో అస్సలు వద్దు.

ఇప్పుడు ఊళ్ల సంగతికొస్తాను. వానలో కొండలకు వెళ్లి నిరాశపడేవాళ్లంతా వ్యూపాయింట్ల జాబితా పట్టుకుని వెళ్లినవాళ్లే. డాల్ఫిన్స్ నోస్, ల్యాంబ్స్ రాక్, దొడ్డబెట్ట, కొడనాడు, ఇవన్నీ మంచులో ఒకేలా ఉంటాయి: రెయిలింగు, దాని వెనక తెలుపు. వాటిని ప్లాన్‌లో పెట్టుకోకండి. పొద్దున్నే లేచినప్పుడు తేటగా ఉంటే టిఫిన్ కూడా మానేసి వెళ్లండి, లేకపోతే వదిలేయండి. మీరు చూడాల్సింది ఊళ్లు. రెండు వందల ఏళ్ల కథ వాటి గోడల్లో ఉంది, గోడలకి వాన అడ్డం కాదు.

రెండు రాత్రులు కోటగిరిలో ఉండమంటాను. కథ మొదలైంది కూడా అక్కడే. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ 1819లో ఈ కొండలెక్కి, కోటగిరి పక్కన కన్నేరిముక్కు అనే బడగ ఊళ్లో బంగళా కట్టుకున్నాడు. పాడుబడిన ఆ బంగళాని బాగుచేసి ఇప్పుడు చిన్న మ్యూజియంగా ఉంచారు. పాత ఫొటోలు, తోడా, కోట, కురుంబ, బడగ జనాల వస్తువులు ఉంటాయి. హడావుడి ఉండదు, తీరిగ్గా చూడొచ్చు. ఊరికి దగ్గర్లోనే లాంగ్‌వుడ్ షోలా అని అసలైన నీలగిరి అడవి ముక్క ఒకటి మిగిలి ఉంది, 2024లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. అటవీశాఖ అనుమతి తీసుకుని వెళ్లాలి. వానలో జలగలు పట్టుకుంటాయి, మేజోళ్లకి ఉప్పు రాసుకోండి. తేనె కొనాలనిపిస్తే గిరిజనులు అడవిలో తీసింది అమ్మే దుకాణాలు కోటగిరిలో ఉన్నాయి, ఊటీ బజారు తేనె కంటే వెయ్యి రెట్లు మేలు.

తర్వాతి రెండు రాత్రులు కూనూర్‌లో. 20 కిలోమీటర్ల దారి, టీ తోటల మధ్య నుంచి వెళ్తుంది. కూనూర్‌లో 1874లో మొదలైన సిమ్స్ పార్కు లోయలోకి మెట్లు మెట్లుగా దిగుతుంది. గొడుగు వేసుకుని నడవడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి చోటు లేదు. ఎదురుగానే 1907లో కుక్కకాటు మందు కోసం పెట్టిన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. పక్కనే వెల్లింగ్టన్ కంటోన్మెంట్, సైన్యం క్రమశిక్షణ వల్ల కాబోలు రోడ్లు అద్దంలా ఉంటాయి.

ఒక టీ ఫ్యాక్టరీ తప్పకుండా చూడండి, అదీ వాన పడుతున్న పూటే. కోసిన ఆకును ముందు పొడవాటి తొట్లలో పరిచి కింద నుంచి గాలి పంపి వడలనిస్తారు. వానాకాలం ఆకులో నీళ్లు ఎక్కువ కాబట్టి ఈ పనికి ఎండాకాలం కంటే ఎక్కువ గంటలు పడుతుంది. ఆ హాల్లో నిలబడితే పచ్చి ఆకు వాసన, ఇంకాస్త లోపలికి వెళ్తే నలిగిన ఆకు గాలి తగిలి రాగి రంగుకి తిరిగే చోట పండిన పండు లాంటి వాసన, చివర ఆరబెట్టే యంత్రం దగ్గర మనకు తెలిసిన టీ వాసన. మూడూ ఒకే కప్పు కింద, పది నిమిషాల నడకలో. ఆ వేడి యంత్రం దగ్గర మా ఆవిడ తడిసిన చున్నీ ఆరబెట్టుకుంటే పనివాళ్లే చోటిచ్చారు. బయటికొచ్చాక టీతో పాటు వర్కి తినండి, పొరలు పొరలుగా కరకరలాడే ఈ ఊటీ వర్కికి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. వేడిగా ఉన్నప్పుడే రుచి.

ఊటీకి కారులో వెళ్లొద్దు. కారు కూనూర్ హోటల్లో ఉంచి, రైల్లో వెళ్లండి. మెట్టుపాళయం నుంచి కూనూర్ దాకా ఈ రైలు 1899లో వచ్చింది, 1908లో ఊటీ దాకా పొడిగించారు, 2005లో యునెస్కో గుర్తించింది. కింద కల్లార్ నుంచి కూనూర్ దాకా పట్టాల మధ్య పళ్ల కడ్డీ ఉంటుంది, ఇంజిన్ పళ్లచక్రంతో దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కుడు 12 అడుగులకు ఒక అడుగు. వానలకి మట్టి జారి ఈ కింది భాగం తరచూ రద్దవుతుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. కూనూర్, ఊటీ మధ్య భాగానికి ఆ బెడద తక్కువ. 19 కిలోమీటర్లు, గంటకు అటూ ఇటూ. వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి, లవ్‌డేల్ స్టేషన్లు ఒక్కొక్కటే వస్తాయి. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చోవచ్చు, ఎవరూ రోడ్డు చూసుకోనక్కర్లేదు. ముందే రిజర్వేషన్ చేయించుకోండి.

ఊటీలో ఆ రోజు బొటానికల్ గార్డెన్, బోట్ క్లబ్ కంటే ముందు సెయింట్ స్టీఫెన్స్ చర్చికి వెళ్లండి. 1829లో పునాది రాయి వేశారు, 1830లో ప్రతిష్ఠ చేశారు. లోపలికి వెళ్లాక రంగుటద్దాలు చూసి వచ్చేయకుండా తల పైకెత్తి దూలాలు చూడండి. నల్లబడిన ఆ భారీ కలప శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ ప్యాలెస్‌ది. 1799 మే 4న కోట పడిపోయి టిప్పు చనిపోయాక, ఆ ప్యాలెస్‌ని విప్పినప్పుడు వచ్చిన కలపను ఇంత ఎత్తుకి మోయించి తెచ్చి చర్చి కట్టారు. రైళ్లు లేవు, ఘాట్ రోడ్లు లేవు, కారులో మీరు రెండో గేరులో ఎక్కే ఎత్తుకి ఆ దూలాలు మనుషుల, జంతువుల బలంతో వచ్చాయి. చర్చి స్మశానం వెనక వాలు మీద ఉంది. సలివన్ భార్య హెన్రియెట్టా, కూతురు అక్కడే ఉన్నారు. ఊటీని ఊరుగా కట్టినవాడు భార్యాబిడ్డల్ని ఇక్కడే వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆ సమాధుల దగ్గర తడి గడ్డి జారుతుంది, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి.

దగ్గర్లోనే సలివన్ 1820లలో కట్టిన స్టోన్ హౌస్ ఉంది, ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో. మనకి ఇంకో సంబంధం కూడా ఉంది. బ్రిటిష్ కాలంలో వేసవి వస్తే మద్రాసు ప్రభుత్వం మొత్తం ఊటీకి తరలి వచ్చేది. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 దాకా మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి మా గుంటూరు, మీ పుట్టిల్లన్న కర్నూలు మీద నిర్ణయాలు కూడా వేసవిలో ఈ చలికొండ మీదే జరిగేవి.

తిరుగు ప్రయాణం గురించి ముందే ఖాయం చేసుకోకండి. అయిదో రోజు సాయంత్రం కూనూర్‌లో కూర్చుని వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. నీలగిరికి రెడ్ ఉంటే ముందు చెప్పినట్టు ఆ రోజు కారు తీయకండి, ఆరెంజ్ ఉంటే వచ్చిన దారినే కోటగిరి, మెట్టుపాళయం మీదుగా దిగిపోండి. ఏమీ లేకపోతే ఉదయం ఏడింటికల్లా బయల్దేరి ఊటీ, పైకారా, నడువట్టం, గూడలూరు మీదుగా దిగండి. నడువట్టంలో 1860లలో మలేరియా మందు క్వినైన్ కోసం సింకోనా తోటలు వేశారు, ఆ తోటల పనికి చైనా ఖైదీల్ని తెచ్చి ఉంచిన పాత జైలు ఇప్పటికీ ఉంది. నడువట్టం నుంచి గూడలూరు దాకా దిగుడు బాగా ఉంటుంది, పైన చెప్పిన గేరు సంగతి అక్కడ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. తర్వాత ముదుమలై, బందీపూర్ అడవి. ఆ రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు, మధ్యలో ఆగకూడదు. అడవి దాటాక గుండ్లుపేట దగ్గర ఆగస్టులో పొద్దుతిరుగుడు, బంతి తోటలు పూసి ఉంటాయి.

ఆ రాత్రి మైసూరులో ఉండి, పొద్దున్నే శ్రీరంగపట్నం. రంగనాథస్వామి గుడి దగ్గరే ఆ ప్యాలెస్ ఉన్న చోటు. పునాదులు తప్ప ఏమీ మిగల్లేదు. ఊటీలో దూలాలు చూసి వచ్చినవాళ్లకి ఆ ఖాళీ స్థలంలో ఏం ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. టిప్పు 1784లో కట్టించిన వేసవి మహల్ దరియా దౌలత్ మాత్రం నిలిచి ఉంది, గోడల మీద హైదర్ అలీ, టిప్పు కలిసి బ్రిటిష్ సైన్యాన్ని ఓడించిన 1780 నాటి పొల్లిలూరు యుద్ధం బొమ్మలు చూడండి. అక్కడి నుంచి హైదరాబాద్ 700 కిలోమీటర్ల పైనే. చీకటి పడితే అనంతపురంలోనో, మీ కర్నూలులోనో ఆగిపోండి.

మీరు నడపొచ్చా అన్నదానికి: నడపాలి. ఏడు రోజులూ ఒక్కరే స్టీరింగ్ పట్టుకుంటే ఆరో రోజు ఘాట్ దిగేటప్పటికి అలసట ఉంటుంది, తప్పులు జరిగేది అప్పుడే. సేలం నుంచి మెట్టుపాళయం దాకా మీరు తీసుకోండి. కొండ మీద వాన లేని పొద్దుట కోటగిరి నుంచి కూనూర్ దాకా నడపండి. మొదటిసారి ఘాట్ దిగడం, అదీ వానలో, మాత్రం మీవారికే వదలండి. బయల్దేరే లోపు జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎక్కుళ్ల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపి, వెనక్కి జారకుండా కదిలించడం నాలుగు రోజులు ప్రాక్టీసు చేయండి. అది చేతికొస్తే సగం టెన్షన్ పోతుంది.

నడపనప్పుడు పక్క సీట్లో ఉన్నవాళ్లకీ పని ఉంది. "చూసుకో, చూసుకో" అంటే నడిపేవాళ్లకి గాభరా పుడుతుంది. ఎడమవైపు కాలువ అంచు డ్రైవర్‌కి సరిగ్గా కనపడదు, "ఎడమకి మూరెడు జాగా ఉంది", "ఇంక జరగొద్దు" అని కొలిచి చెప్పండి, అది పనికొస్తుంది. మేమిద్దరం పెట్టుకున్న ఒప్పందం ఒకటుంది. ఎవరు "ఆపుదాం" అన్నా కారు ఆగుతుంది, ఎందుకని అడగం. వాంతులు అయ్యే అలవాటు ఉంటే ఘాట్‌కి ముందు ఇడ్లీతో సరిపెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టి దూరంగా రోడ్డు చూస్తూ కూర్చోండి.

గది తీసుకునేటప్పుడు "వ్యాలీ వ్యూ" కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, ఆగస్టులో ఆ వ్యూ సగం రోజులు ఉండదు. కప్పు ఉన్న వరండా, వేడినీళ్లు, తడి బట్టలు ఆరేసుకునే చోటు, కరెంటు పోతే జనరేటర్ ఉన్నాయేమో అడగండి. రాత్రి చలి బాగా ఉంటుంది, స్వెట్టర్లు కావాలి. ఆగస్టు 15 ముందు, వెనక రోజుల్లో బెంగళూరు, కోయంబత్తూరు జనం అంతా పైకి వస్తారు, వీలైతే ఆ రెండు మూడు రోజులు తప్పించి తేదీలు పెట్టుకోండి. తేదీలు ఖాయం కాగానే ఇక్కడే రాయండి, ఆ వారం గాలి ఎటు ఉందో చూసి గూడలూరు వైపు దిగొచ్చో లేదో నా అభిప్రాయం చెప్తాను.